జలవిద్యుత్ ప్రాజెక్టులు త్వరగా కట్టేస్తామని కేంద్రం అంటోంది, అది అయ్యే పనేనా?

మీరు అడిగింది ఇదీ: కేంద్రం హైడల్ ప్రాజెక్టుల్ని వేగవంతం చేస్తామని వరసగా ప్రకటిస్తోంది, ఐదారేళ్లలో అవి నిజంగా పూర్తవుతాయా? మన కరెంటు బిల్లు ఏమైనా తగ్గుతుందా? మీ తమ్ముడు సివిల్ ఫైనలియర్‌లో ఉన్నాడు, ఈ రంగంలోకి వెళ్ళమని చెప్పొచ్చా?

ముందు సూటిగా చెప్పేస్తాను. హిమాలయాల్లో పెద్ద ప్రాజెక్టు ఐదారేళ్లలో పూర్తవదు. మొదలుపెట్టిన రోజు నుంచి ఎనిమిది, పదేళ్లు వేసుకోండి, అదీ అన్నీ కలిసొస్తే. ప్రభుత్వం చేస్తున్న వాటిలో కొన్ని నిజంగా పనికొచ్చేవే, కొన్ని మాత్రం ఆఫీసులో మిగిల్చిన ఏడాదిని కొండలో మూడేళ్లుగా తిరిగి కట్టించుకుంటాయి. మన తెలుగు రాష్ట్రాల వైపు పంప్డ్ స్టోరేజీలో, అంటే నీళ్ళు పైకి తోడి దాచుకుని అవసరమైనప్పుడు కరెంటు తీసే ప్రాజెక్టుల్లో మాత్రం వేగం కళ్ళకు కనిపిస్తుంది. బిల్లు దీనివల్ల తగ్గదు. తమ్ముడు వెళ్ళొచ్చు, కొన్ని షరతులతో. అవి చివర్లో చెప్తాను.

నేనెవరంటే, సివిల్ ఇంజనీరుని, ఇప్పుడు రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం సొరంగాల్లోనే గడిచింది, ముందు హిమాచల్, ఉత్తరాఖండ్, తర్వాత ఈశాన్యం, చివర్లో మన వైపు. కాబట్టి నేను చెప్పేది మట్టిపని, రాతిపని వైపు నుంచి. టర్బైన్ వాళ్ళని అడిగితే ఇంకో కథ చెప్తారు, అదీ నిజమే.

ఇలాంటి ప్రకటన ఇదే మొదటిసారి కాదు. 2003లో వాజ్‌పేయి ప్రభుత్వం "50 వేల మెగావాట్లు" అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 162 ప్రాజెక్టులకు ప్రాథమిక నివేదికలు తయారయ్యాయి, మొత్తం కలిపితే 47,930 మెగావాట్లు. నివేదికలు నిజంగానే వేగంగా వచ్చాయి. ఆ తర్వాత అరుణాచల్ ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలతో ఒప్పందాల మీద ఒప్పందాలు చేసుకుంది, వంద దాటాయి. వాటిలో చాలావాటికి సైటులో ఒక బోర్డు, ఒక గెస్ట్‌హౌస్ తప్ప ఏమీ రాలేదు. చివరికి 2023 ఆగస్టులో అలా ఆగిపోయిన 12 ప్రాజెక్టుల్ని, సుమారు 11,500 మెగావాట్లని, తీసి ప్రభుత్వ సంస్థలైన ఎన్‌హెచ్‌పీసీ, ఎస్‌జేవీఎన్, నీప్‌కో చేతిలో పెట్టారు. ఇరవై ఏళ్లు గడిచాక మళ్ళీ మొదటికొచ్చామన్నమాట. దేశం మొత్తం మీద 133 వేల మెగావాట్లకు వీలుందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, అదే సీఈఏ, లెక్క. ఇప్పటికి కట్టింది 50 వేలకు అటూఇటూ.

ఈసారి ఏం చేశారో కూడా చెప్పాలి, ఎందుకంటే కొంత పని జరిగింది. 2019 మార్చిలో 25 మెగావాట్లు దాటిన హైడల్‌ని కూడా పునరుత్పాదక విద్యుత్ కింద లెక్కించడం మొదలుపెట్టారు, కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌లు కొంత వాటా హైడల్ కరెంటు కొనాలని నిబంధన పెట్టారు. 2024 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలు ప్రాజెక్టుల్లో వాటా పెట్టుకోవడానికి 4,136 కోట్లు, సెప్టెంబరులో రోడ్లు, వంతెనలు, లైన్ల లాంటి వాటికి 12,461 కోట్లు మంజూరు చేశారు. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో సింధు జలాల ఒప్పందాన్ని నిలిపివేశాక జమ్మూ కశ్మీర్‌లో చీనాబ్ నది మీద ఉన్న పకల్‌దుల్, కిరు, క్వార్, రాత్లే పనుల మీద ఒత్తిడి పెరిగింది, దశాబ్దాలుగా కాగితం మీదే ఉన్న 1,856 మెగావాట్ల సావల్‌కోట్‌కి టెండర్లు పిలిచారు. అదే ఏడాది బ్రహ్మపుత్ర బేసిన్ నుంచి 2047 నాటికి 76 వేల మెగావాట్లు బయటకు తీసుకురావడానికి 6.4 లక్షల కోట్లతో కరెంటు లైన్ల ప్రణాళిక ఒకటి సీఈఏ విడుదల చేసింది. అవతల చైనా 2025 జులైలో యార్లుంగ్ త్సాంగ్పో (టిబెట్‌లో బ్రహ్మపుత్ర పేరు అదే) దిగువన మహా ప్రాజెక్టు పని ప్రారంభించింది కదా, ఆ టెన్షన్ కూడా ఇందులో ఉంది. దాన్ని దాచాల్సిన పనేం లేదు.

ఇక అసలు విషయం. ఆలస్యం ఎక్కడ అవుతుంది?

అందరూ "క్లియరెన్స్‌లు" అంటారు. నిజమే, కానీ సగం నిజం. అరుణాచల్‌లో దిబాంగ్ చూడండి, 2,880 మెగావాట్లు, 278 మీటర్ల ఎత్తు డ్యాం. 2008 జనవరిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. అటవీ అనుమతి రెండుసార్లు కుదరదన్నారు, డ్యాం ఎత్తు తగ్గించాక ఒప్పుకున్నారు. 31,876 కోట్ల ఖర్చుకి కేంద్ర కేబినెట్ ఆమోదం వచ్చింది 2024 ఫిబ్రవరిలో. పదహారేళ్లు! ఇలాంటి చోట ఫైలు వేగం పెంచితే నిజంగానే ఏళ్లు మిగులుతాయి.

ఇప్పుడు అరుణాచల్, అస్సాం సరిహద్దులో సుబన్‌సిరి చూడండి. 2,000 మెగావాట్లు, అన్ని అనుమతులూ వచ్చాకే 2005లో పని మొదలైంది. 2011 డిసెంబరులో ఆగిపోయింది. మళ్ళీ కదిలింది 2019 అక్టోబరులో. ఆపింది ఏ ఆఫీసరూ కాదు, దిగువన అస్సాంలో ఉన్న జనం. డ్యాం భద్రత మీద, వరద మీద వాళ్ళకు భయాలున్నాయి, వాటికి నమ్మదగ్గ జవాబు ముందే చెప్పలేదు. తర్వాత కోర్టులు, కమిటీలు, డిజైన్ మార్పులు. మొదటి యూనిట్ కరెంటు ఇచ్చేసరికి 2025 చివరాఖరైంది. మొదట 6,285 కోట్లు అనుకున్నది ఇరవై వేల కోట్లు దాటిపోయింది. ప్రజాభిప్రాయ సేకరణని ఒక్క పూటలో ముగించేసి "వేగవంతం చేశాం" అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

మూడో రకం ఆలస్యం పేపర్లలో రాదు, సైటులో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. నదికి ఒక సీజన్ ఉంటుంది. డ్యాం కట్టాలంటే ముందు నదిని పక్కకి మళ్ళించాలి. దానికి డైవర్షన్ టన్నెల్ తవ్వుకుని, వానలు తగ్గి నది పలచబడ్డాక, నవంబరు డిసెంబరుల్లో నీళ్ళని అందులోకి మళ్ళించి, మళ్ళీ జూన్‌లో వరద వచ్చేలోపు కాఫర్ డ్యాం, అంటే తాత్కాలిక అడ్డుకట్ట, లేపి పునాది తవ్వకం ఒక స్థాయికి తేవాలి. చేతిలో ఉండేది ఆరు నెలలు. ఆ టైముకి టన్నెల్ రెడీగా లేకపోతే? రెండు నెలలు లేటని మీరనుకుంటారు, నది మాత్రం ఏడాది లేటంటుంది. అందుకే అనుమతి సెప్టెంబరులో వస్తే ఒక లెక్క, మార్చిలో వస్తే ఇంకో లెక్క. ఢిల్లీలో ఫైలు ఆరు వారాలు ముందే కదిలిందని సంబరపడిన ప్రాజెక్టులో నేను పనిచేశాను, ఆ ఆరు వారాలూ వానాకాలం మధ్యలో పడ్డాయి, ఒక్క రోజు కూడా కలిసి రాలేదు. ఇంకోచోట ఒక చిన్న రోడ్డు ముక్కకి అటవీ భూమి పదిహేను రోజులు ఆలస్యమై ఒక సీజన్ మొత్తం పోయింది.

కాబట్టి నన్నడిగితే, ఇప్పటి నిర్ణయాల్లో అన్నిటికన్నా మంచిది ఆ 12,461 కోట్ల రోడ్లూ వంతెనల పథకం. దీనికి పేపర్లో పెద్ద హెడ్‌లైన్ రాదు. కానీ అరుణాచల్ లాంటి చోట ప్రాజెక్టుకి వెళ్ళే దారిలో బెయిలీ వంతెనలు ఉంటాయి, క్లాస్ 18 అని బోర్డు ఉంటుంది, అంటే పద్దెనిమిది టన్నుల స్థాయి. రాతిలో రంధ్రాలు కొట్టే డ్రిల్లింగ్ జంబో మెషీన్ దానికన్నా బరువు. ట్రాన్స్‌ఫార్మర్ మాట చెప్పక్కర్లేదు. ఒక సైటుకి మెషీన్లు వచ్చేశాయి, వంతెన ఇవతలి ఒడ్డున టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డాయి. అవతలి ఒడ్డున మేం చేతి డ్రిల్లులతో, ఎయిర్ లెగ్గులతో సొరంగం కొడుతున్నాం. వంతెన బలపరిచేదాకా అంతే. ఇంతకుముందు ఈ రోడ్ల ఖర్చంతా ప్రాజెక్టు మీదే వేసేవాళ్ళు, అది కరెంటు ధరలోకి ఎక్కేది, ధర ఎక్కువని కొనేవాడు వెనక్కి తగ్గేవాడు. ఇప్పుడు మొదటి 200 మెగావాట్ల దాకా మెగావాట్‌కి కోటి రూపాయలు, ఆపైన మెగావాట్‌కి 75 లక్షల వరకు కేంద్రం భరిస్తుంది. ప్రాజెక్టు మంజూరయ్యేలోపే రోడ్డు వేసేస్తే కనీసం రెండేళ్లు మిగులుతాయి, ఇది నేను గట్టిగా చెప్పగలను.

ఇక నాకు భయం వేసే సంగతి. దర్యాప్తు దశని కుదించడం. ఇంగ్లీషులో ఇన్వెస్టిగేషన్ అంటాం కదా, అది.

డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక, రాసేముందు కొండలో ఏముందో చూడాలి. దానికి బోరు రంధ్రాలు వేసి రాతి కోర్లు తీస్తారు, చెక్క పెట్టెల్లో వరసగా పేరుస్తారు. ఆ పెట్టె దగ్గర కూర్చుని జియాలజిస్టు పది సెంటీమీటర్లు దాటిన ముక్కల్ని మాత్రమే టేపుతో కొలుస్తాడు. మీటరు పొడవు కోర్‌లో అలాంటి ముక్కలు కలిపి 80 సెంటీమీటర్లు వస్తే మంచి రాయి. అన్నీ గులకరాళ్ళలా విరిగి వస్తే చెడ్డ రాయి. కొన్నిచోట్ల పెట్టెలో గడి ఖాళీగా ఉంటుంది, అక్కడ చెక్క బద్ద ముక్క పెట్టి "కోర్ లాస్" అని రాస్తారు, అంటే రాయి అసలు బయటికే రాలేదు, బురదగా కడుక్కుపోయింది. పెట్టె చూడ్డానికి వచ్చిన పెద్దలు మంచి ముక్కల దగ్గర ఆగి ఫొటో తీసుకుంటారు. అనుభవం ఉన్నవాడు ఆ ఖాళీ గడి దగ్గర ఆగుతాడు. సొరంగం ఏడ్చేది అక్కడే.

బోర్లు కాక డ్రిఫ్టులు కూడా కొట్టాలి, మనిషి నిలబడి నడిచేంత చిన్న సొరంగాలు. భూగర్భ పవర్ హౌస్ ఎక్కడ రావాలో అక్కడిదాకా డ్రిఫ్టు వెళ్ళి, లోపల రాతి ఒత్తిడి కొలిచి, పగుళ్ళు ఏ దిక్కుకి వాలి ఉన్నాయో చూసి, అప్పుడు ఆ గుహని ఏ దిశలో తిప్పాలో తేల్చాలి. మామూలు కొండల్లో ఇది ఏడాది, ఏడాదిన్నర పని. "డీపీఆర్ ఆరు నెలల్లో కావాలి" అని పైనుంచి ఒత్తిడి వస్తే మొదట కోత పడేది ఈ డ్రిఫ్టు పొడవుకే. నాకు తెలిసిన ఒక ప్రాజెక్టులో డ్రిఫ్టుని మధ్యలో ఆపేసి, మిగతాది ఊహించి గీసేశారు. కట్టడం మొదలయ్యాక ఊహించిన చోట షియర్ జోన్ తగిలింది, అంటే రాయి నలిగి పిండైన పట్టీ. పవర్ హౌస్‌ని పక్కకి జరపాల్సి వచ్చింది, జరిపితే నీళ్ళని టర్బైన్ మీదికి దించే ప్రెజర్ షాఫ్టులూ జరగాలి, వాడిన నీళ్ళని బయటికి వదిలే టెయిల్‌రేస్ సొరంగమూ జరగాలి. కాంట్రాక్టరు "ఇది ఒప్పందంలో లేదు" అన్నాడు, మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. ఆ గొడవలో పోయిన కాలం ముందు మిగుల్చుకున్న కాలానికి ఎన్నో రెట్లు.

పార్వతి-2 పేరు విని ఉంటారు, హిమాచల్‌లో, 800 మెగావాట్లు. 1999లో శంకుస్థాపన, 2002లో పని మొదలు, పవర్ హౌస్ వైపు నీళ్ళు తెచ్చే 31.5 కిలోమీటర్ల హెడ్‌రేస్ టన్నెల్. 2009కల్లా పూర్తి చేద్దామనుకున్నారు. తవ్వే యంత్రం, మేం టీబీఎం అంటాం, లోపల నీళ్ళూ బురదా ఒక్కసారిగా పొంగడంతో ఇరుక్కుపోయింది. పూర్తిగా ఉత్పత్తిలోకి వచ్చేసరికి 2025. అక్కడ పనిచేసినవాళ్ళు చేతకానివాళ్ళు కాదు, దేశంలోనే గట్టి టన్నెల్ మనుషులు. హిమాలయం అలాంటిది, ఇంకా కదులుతున్న, నలుగుతున్న పడుచు కొండ.

సొరంగం వేగం ఎంతుంటుందో తెలిస్తే మీకే అర్థమవుతుంది. మంచి రాతిలో ఒక్కో బ్లాస్టుకి మూడు మీటర్ల దాకా వస్తుంది. డ్రిల్లింగ్, మందు దట్టించడం, పేల్చడం, పొగ పోయేదాకా ఆగడం, ఊగే రాళ్ళని గడ్డపారతో కింద పడేయడం, మక్ అంటే పగిలిన రాయి ఎత్తడం, గోడల మీద కాంక్రీటు చిమ్మడం (షాట్‌క్రీట్), బోల్టులు, అన్నీ కలిపి ఒక సైకిల్. రోజుకి రెండు సైకిళ్ళు పడితే పండగే, నెలకి ఒక ఫేస్ (సొరంగాన్ని తవ్వే ముఖం) నుంచి వంద మీటర్లు అంటే మేనేజరు స్వీట్లు పంచుతాడు. చెడ్డ రాతిలో అదే ఫేస్ నెలకి ఇరవై, పాతిక మీటర్లకి పడిపోతుంది: ముందుకి పైపులు కొట్టు, గ్రౌటు ఎక్కించు, అర మీటరు తవ్వు, స్టీలు రిబ్బు నిలబెట్టు, మళ్ళీ అర మీటరు. ఎంత డబ్బు పోసినా ఒక ఫేస్‌లో ఒక మెషీనే పడుతుంది. వేగం పెంచే మార్గం ఒక్కటే, పక్కనుంచి ఎక్కువ ఎడిట్లు, అంటే పక్క దారి సొరంగాలు, కొట్టి ఒక్కో ఎడిట్ నుంచి రెండేసి ఫేస్‌లు తెరవడం. ఎడిట్‌కి మళ్ళీ రోడ్డు కావాలి, మక్ పారబోయడానికి స్థలం కావాలి, దానికి అటవీ భూమి కావాలి. చూశారా, తిరిగి తిరిగి రోడ్డు దగ్గరికే వచ్చాం.

తొందరపడకూడనిది ఇంకొకటుంది, మనుషుల ప్రాణాలకి సంబంధించింది. 2021 ఫిబ్రవరి 7న చమోలీలో మంచూ రాయీ కలిసి విరిగిపడి వచ్చిన వరదలో తపోవన్ విష్ణుగాడ్ దగ్గర సొరంగంలో ఉన్నవాళ్ళు అక్కడే ఉండిపోయారు, మొత్తం మీద చనిపోయినవాళ్ళూ గల్లంతైనవాళ్ళూ 200 దాటారు. 2023 అక్టోబరు 4న సిక్కింలో దక్షిణ ల్హోనాక్ హిమ సరస్సు తెగి చుంగ్‌థాంగ్ దగ్గర తీస్తా-3 డ్యాం కొట్టుకుపోయింది, 1,200 మెగావాట్ల ప్రాజెక్టు. పైన సరస్సులున్నాయని, అవి పెరుగుతున్నాయని సైన్సు వాళ్ళు ముందునుంచీ చెప్తున్నదే. ఒక నది మీద ఒకదాని కింద ఒకటి ప్రాజెక్టులు కట్టినప్పుడు పై సరస్సుల దగ్గర కొలత పరికరాలు, కిందికి మోగే సైరన్లు, గేట్లు తెరిచే అధికారం సైటులో ఉన్న మనిషికే ఉండటం, ఇవన్నీ మొదటి బ్లాస్టుకి ముందే ఉండాలి. ఇప్పటి వేగవంతం ప్రణాళికల్లో మెగావాట్ల లెక్క ఉన్నంత స్పష్టంగా ఈ లెక్క కనిపించడం లేదు, నా బాధ అదే.

ఇసుక సంగతి ఒక్క మాటలో: హిమాచల్‌లోని నాథ్‌పా ఝాక్రీ ప్రాజెక్టులో నీళ్ళలో ఒండ్రు 5,000 పీపీఎం దాటితే యూనిట్లు ఆపేస్తారు, లేకపోతే క్వార్ట్జ్ రేణువులు టర్బైన్ రన్నర్‌ని, అంటే తిరిగే చక్రాన్ని, కొరుక్కు తినేస్తాయి. అంటే నది నిండుగా పారే రోజుల్లోనే ఒక్కోసారి కరెంటు ఉండదు.

ఇక మీ బిల్లు. కొత్త హైడల్ కరెంటు మొదటి ఏళ్లలో ఖరీదే, యూనిట్ ఐదు రూపాయలు దాటడం మామూలు. పగటిపూట సోలార్ రెండున్నర రూపాయల చుట్టూ దొరుకుతుంటే ఏ డిస్కమ్ అధికారైనా ఎందుకు కొంటాడు? అందుకే 2019లో అప్పు తీర్చే గడువు 18 ఏళ్లకి, ప్రాజెక్టు ఆయుష్షు లెక్క 40 ఏళ్లకి పెంచి, ధర మొదట్లో తక్కువగా ఉండి ఏటా కొంచెం పెరిగేలా వెసులుబాటు ఇచ్చారు. అప్పు తీరిపోయాక మాత్రం హైడల్‌ని కొట్టేది లేదు. ఆంధ్రా, ఒడిశా సరిహద్దులో ఉన్న మాచ్‌ఖండ్ 1955 నాటిది, సీలేరు, శ్రీశైలం కూడా ఎప్పుడో కట్టినవి, అక్కడి యూనిట్ ఇప్పుడు కారుచౌక. మన తాతల కాలంలో పెట్టిన డబ్బుకి మనం వడ్డీ తింటున్నాం. ఇప్పుడు కట్టేవాటి లాభం మీ తమ్ముడి పిల్లలకి.

మరి ఖరీదైతే ఎందుకు కట్టడం అంటారా? 2020 ఏప్రిల్ 5 రాత్రి గుర్తుందా, తొమ్మిది గంటలకి తొమ్మిది నిమిషాలు లైట్లార్పి దీపాలు పెట్టాం. ఆ కాసేపట్లో దేశం మొత్తం మీద డిమాండ్ 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయింది, మళ్ళీ అంతే వేగంగా లేచింది. గ్రిడ్ కూలకుండా కాపాడింది ప్రధానంగా హైడల్. 25 వేల పైచిలుకు మెగావాట్ల నుంచి నిమిషాల్లో 8 వేలకి దిగింది, అలాగే తిరిగి ఎక్కింది. బొగ్గు యూనిట్‌కి ఆ చురుకుదనం లేదు. ఇప్పుడు సోలార్ పెరిగేకొద్దీ రోజూ సాయంత్రం ఆరు దాటగానే చిన్న సైజులో అదే జరుగుతోంది: ఎండ పోతుంది, ఇళ్ళల్లో లైట్లూ ఏసీలూ పడతాయి. ఆ నాలుగు గంటల కోసం హైడల్ కావాలి. కాబట్టి దాని ధరని పగటి సోలార్‌తో పోల్చకూడదు, రాత్రి ఎనిమిదింటికి విద్యుత్ ఎక్స్ఛేంజీలో (కరెంటు అమ్మకాల మార్కెట్టులో) కొనే కరెంటుతో పోల్చాలి.

ఇక్కడికే మన రాష్ట్రాల మాట వస్తుంది. గోదావరి, కృష్ణల మీద మామూలు హైడల్‌కి పెద్దగా మిగిలింది లేదు. పోలవరంలో 960 మెగావాట్ల కేంద్రం కడుతున్నారు, దిగువ సీలేరులో అదనపు యూనిట్లు పెడుతున్నారు, అంతే. ఊపు ఉన్నది పంప్డ్ స్టోరేజీలో. కింద ఒక చెరువు, పైన గుట్ట మీద ఇంకో చెరువు. మధ్యాహ్నం సోలార్ మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తియ్యడం, డాబా మీద ట్యాంకు నింపుకుని వాడుకున్నట్టే. వంద యూనిట్లు ఖర్చుపెట్టి తోడితే డెబ్భై అయిదు, ఎనభై తిరిగొస్తాయి. అంటే ఇది కరెంటు పుట్టించేది కాదు, దాచేది. కొత్తదీ కాదు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ అటూ ఇటూ తిరిగేవే, సాగర్‌లో కూడా ఏడు యూనిట్లు అలాంటివే. సాగర్‌వి మాత్రం కింద టెయిల్ పాండ్ లేక ఏళ్ల తరబడి పంపు మోడ్‌లో వాడలేకపోయారు. మెషీన్ కొనేసి చెరువు మర్చిపోవడం, ఏం చెప్తాం!

ఇప్పుడు కడుతున్నవి నదికి దూరంగా. కర్నూలు దగ్గర పిన్నాపురం 1,680 మెగావాట్లు, రెండు చెరువులూ కొత్తవే, గోరకల్లు రిజర్వాయర్ నుంచి ఒకసారి నింపుకుంటే తర్వాత ఆవిరైనంత పోసుకుంటే చాలు. 2022 మేలో శంకుస్థాపన జరిగితే 2025 నాటికే యూనిట్లు సిద్ధమయ్యే దశకి వచ్చాయి. ఎందుకంత వేగం? నదిని మళ్ళించే పని లేదు, కాబట్టి సీజన్ గొడవ లేదు. కొండ ముసలిది, గట్టిది, హిమాలయంలా నలగదు. హైవేకి దగ్గర. సొరంగాలు పొట్టివి. 2023 ఏప్రిల్‌లో కేంద్రం పంప్డ్ స్టోరేజీకి వేరే మార్గదర్శకాలు ఇచ్చింది, ఇలాంటి వాటి డీపీఆర్‌ని సీఈఏ 90 రోజులకి బదులు 50 రోజుల్లో చూడాలని పెట్టుకుంది. ఇక్కడ ఆ వేగానికి నాకు అభ్యంతరం లేదు.

అభ్యంతరం ఉన్నది ఏజెన్సీ దగ్గర. అల్లూరి జిల్లా కొండల్లో ఎత్తు బాగా దొరుకుతుంది, వాన బాగా పడుతుంది, కాబట్టి కంపెనీల కళ్ళన్నీ అటే ఉన్నాయి. ఎగువ సీలేరులో జెన్‌కో 1,350 మెగావాట్లు తలపెట్టింది. కానీ అది గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉన్న నేల, ఆ భూమిని ప్రైవేటు గనులకి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు చెప్పిన సమతా తీర్పు వచ్చిన నేల, గ్రామసభ మాటకి విలువ ఉన్న నేల. అక్కడి గిరిజనులు కొన్ని ప్రాజెక్టుల్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నారు. మాచ్‌ఖండ్ కట్టినప్పుడు లేచిపోయిన కుటుంబాల సంగతి ఆ కొండల్లో ఇంకా ఎవరూ మర్చిపోలేదు. పై చెరువు వచ్చే గుట్ట మీద మ్యాపులో బంజరని ఉంటుంది, వెళ్ళి చూస్తే పోడు పొలం, రాగి చేను, ఊట బావి. ఇక్కడ కూడా కర్నూలు వేగమే కావాలనుకుంటే సుబన్‌సిరిలాగే ఆగుతుంది. కర్నూలు, అనంతపురం, నంద్యాల వైపు రాతి గుట్టలు ఇంకా చాలా ఉండగా ముందు అక్కడ కట్టుకోకుండా ఇటు ఎందుకు తొందరపడాలో నాకైతే అర్థం కాదు.

చివరికి మీ తమ్ముడి సంగతి. పని ఉంటుంది, వచ్చే పదిహేనేళ్లు గ్యారంటీగా ఉంటుంది. టన్నెల్ తెలిసిన ఇంజనీర్లకి మెట్రోల్లో, రైల్వేల్లో కూడా గిరాకీ ఉంది. ప్రభుత్వ సంస్థ కావాలంటే గేట్ రాయమనండి. ఎంటెక్ చెయ్యాలనుకుంటే స్ట్రక్చర్స్ కాకుండా రాక్ మెకానిక్స్, ఇంజనీరింగ్ జియాలజీ వైపు చూడమనండి, స్ట్రక్చర్స్ వాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. హిందీ ధారాళంగా రావాలి, ఫేస్ దగ్గర ఫోర్‌మన్ జార్ఖండ్ మనిషో, ఒడిశా మనిషో, నేపాలీయో అవుతాడు, పుస్తకంలో లేని సగం చదువు అతని దగ్గరే ఉంటుంది. మొదటి రెండేళ్లు ప్లానింగ్ ఆఫీసులో కూర్చోబెడతామంటే ఒప్పుకోవద్దు, నైట్ షిఫ్టు ఫేస్ ఇంజనీరుగా ఇమ్మని అడగాలి. దుమ్ము మాస్కు విషయంలో మొహమాటం వద్దు, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటకి రాదు. కొత్తగా చేరేవాళ్ళు సిగ్గుపడి పక్కన పెట్టేస్తారు, నేను చాలామందిని చూశాను.

ఇంటర్వ్యూలో "మీరేమైనా అడుగుతారా" అంటే రెండు అడగమనండి. సైటు నుంచి ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది, డీపీఆర్ దశలో డ్రిఫ్టు ఎన్ని మీటర్లు కొట్టారు. రెండిట్లో దేనికైనా జవాబు తడుముకుంటే ఇంకో ఆఫర్ వచ్చేదాకా ఆగమనండి.